అబ్బా కెమెరాలో మళ్లీ రీలు వేసే ముందు... తక్కువ ఖర్చులో ఏం కొనాలి, ఏం అక్కర్లేదు?

రాజమహేంద్రవరం: బీరువా పై అరలో, పాత దుప్పట్ల కింద, తోలు కవరులో ఒక కెమెరా. గోదావరి జిల్లాల్లో కొన్ని ఇళ్లలో అది ఇప్పటికీ ఉంది. ఒక ఇంట్లో కువైట్ నుంచి సెలవుకి వచ్చినప్పుడు మామూ తెచ్చిన యాషికా. ఇంకో ఇంట్లో అబ్బా పెళ్లయిన కొత్తలో కొన్న హాట్‌షాట్. స్టూడియో నడిపిన కుటుంబమైతే నికాన్ ఎఫ్‌ఎమ్10, పెంటాక్స్ కె1000 లాంటివి. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు కాలేజీకెళ్లే పిల్లలు దాన్ని కిందకి దించి, "అబ్బా, ఇందులో రీలు వేస్తే పని చేస్తుందా?" అని అడుగుతున్నారు.

చాలావరకు పని చేస్తుంది. పాత కెమెరాల్లో కరెంటు భాగాలు తక్కువ, ఇనుము ఎక్కువ. సమస్య కెమెరాతో కాదు, రీలుతో. ఒకప్పుడు ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 'ఇందు' పేరుతో మన దేశంలోనే రీళ్లు తయారు చేసేది. 1960లో ఏర్పాటైన ఆ సంస్థ మూతపడింది. ఇప్పుడు దొరికే రీళ్లు దాదాపు అన్నీ బయటి దేశాల నుంచి వచ్చేవే. అందుకే ధర మండిపోతోంది.

ముందు లెక్క చూద్దాం

ఉదాహరణకి ఒక కలర్ రీలు 900 రూపాయలు, కడిగి స్కాన్ చేసినందుకు 400, కొరియర్‌కి 140 అనుకుందాం. మొత్తం 1,440. రీలులో 36 ఫొటోలు. అంటే బటన్ నొక్కిన ప్రతిసారీ 40 రూపాయలు. పది ఫొటోలు పాడైతే 400 పోయినట్టే. వెనక తలుపు సందులోంచి వెలుతురు దూరితే మొత్తం రీలు పోతుంది.

ఈ లెక్క తెలిస్తే ఏ వస్తువు కొనాలో తేలిగ్గా తేలుతుంది. ఆ వస్తువు వల్ల ఎన్ని ఫొటోలు దక్కుతాయి అన్నదే ప్రశ్న. అలా చూస్తే పనికొచ్చేవి చాలావరకు వంద, రెండు వందల్లో అయిపోతాయి. కొన్ని ఇంట్లోనే ఉంటాయి. ఖరీదైన బ్యాగు, రంగురంగుల బెల్టు, ఫిల్టర్ల సెట్టు ఒక్క ఫొటోని కూడా కాపాడవు.

తలుపు తెరవకండి, లోపల రీలు ఉందేమో!

కెమెరా చేతికి రాగానే అందరూ చేసే తప్పు, వెనక తలుపు తీసి చూడటం. లోపల సగం తీసిన రీలు ఉంటే అందులోని ఫొటోలు ఆ క్షణంలోనే పోతాయి. అవి దాదీ ఆఖరి ఈద్ ఫొటోలు కావచ్చు.

ముందు ఎడమవైపు పైన ఉండే రీలు వెనక్కి చుట్టే పిడిని బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పండి. గట్టిగా పట్టినట్టుంటే లోపల రీలు ఉన్నట్టే. వదులుగా గిరగిరా తిరిగితే ఖాళీ. రీలు ఉంటే అడుగున ఉండే చిన్న బటన్ నొక్కి, పిడి వదులయ్యేదాకా వెనక్కి చుట్టి అప్పుడు తెరవాలి. పిడి బిగుసుకుపోతే బలవంతం చెయ్యొద్దు. రాత్రిపూట, కిటికీ లేని గదిలో, తలుపు సందుల్లో బట్టలు కుక్కి, ఫోను కూడా బయట పెట్టి, పూర్తి చీకట్లో తీయాలి. తీసిన రీలుని నల్ల డబ్బీలో వేసి, ఇది పాత రీలు అని ల్యాబ్‌కి ముందే చెప్పండి. కలర్ వెలిసిపోయి ఉండొచ్చు. బ్లాక్ అండ్ వైట్ అయితే ముఖాలు గుర్తుపట్టేంతగా రావడానికి అవకాశం ఎక్కువ.

మన దగ్గర అసలు శత్రువు నిమ్ము

డెల్టాలో కెమెరాని చంపేది దెబ్బ కాదు, తేమ. చుట్టూ కాలవలు, చెరువులు, వరిచేలు. ముసురు పట్టిందంటే బీరువాలో బట్టలే వాసనొస్తాయి. లెన్సు గాజు లోపల ఫంగస్ పెరగడానికి ఇంతకంటే అనువైన చోటు లేదు. లెన్సులోంచి ఫోను టార్చి వేసి చూడండి. సాలెపురుగు దారాల్లా తెల్లగా అల్లుకుని కనిపిస్తే అదే ఫంగస్. కొద్దిగా ఉంటే ఫొటోలో పెద్దగా తేడా తెలియదు. ముదిరితే ఫొటో అంతా పొగమంచు పట్టినట్టు వస్తుంది.

తోలు కవరు కెమెరాకి రక్షణ అని పెద్దలు జాగ్రత్తగా అందులోనే పెట్టి ఉంచారు. నిజానికి తోలు తేమని పీల్చి పట్టి ఉంచుతుంది. బయటికి తీసుకెళ్లేటప్పుడే కవరు వాడండి, ఇంట్లో వద్దు.

దానికి బదులు వంటింట్లో వాడే, రబ్బరు అంచుతో గట్టిగా మూసుకునే ప్లాస్టిక్ డబ్బా చాలు. అందులో కొత్తగా కొన్న సిలికా జెల్ పొట్లాలు రెండు మూడు వేయండి. చెప్పుల పెట్టెలో వచ్చిన పొట్లాలు పనికిరావు, అవి ఇప్పటికే తేమ తాగేసి ఉంటాయి. రంగు మారే గోళీల రకం తీసుకుంటే ఎప్పుడు మార్చాలో కంటికే కనిపిస్తుంది. నీలం గోళీలకి వేసే రంగు పదార్థం విషం. పిల్లలకి అందకుండా పెట్టండి, వంట గిన్నెలో వేసి వేడి చెయ్యొద్దు. బియ్యంలో పెట్టడం కూడా వద్దు. బియ్యం తేమని అంతగా లాగదు, పైగా తవుడు లెన్సులోకి పోతుంది. కలరా ఉండలు కూడా డబ్బాలో వేయకండి.

రెండు మూడు వందలు పెట్టగలిగితే తేమ చూపించే చిన్న డిజిటల్ మీటరు ఒకటి కొని డబ్బాలో పడేయండి. అది 40 నుంచి 50 శాతం మధ్య చూపిస్తే నిశ్చింత. 60 దాటితే పొట్లాలు మార్చాలి. అన్నిటికంటే మంచి మందు వాడకమే. వారానికోసారి కెమెరాని బయటికి తీసి, బటన్ నొక్కి, గాలి తగలనివ్వండి.

సెల్లు, ఊలు దారం, ఒక చీటీ

పెంటాక్స్ కె1000, నికాన్ ఎఫ్‌ఎమ్10, యాషికా ఎఫ్‌ఎక్స్-3 లాంటి కెమెరాలు సెల్లు లేకపోయినా ఫొటో తీస్తాయి. సెల్లు వెలుతురు కొలిచే మీటరుకి మాత్రమే. అది వాచీల షాపులో దొరికే ఎల్‌ఆర్44 బటన్ సెల్లే. సెల్లు పెట్టే చోట పచ్చటి చిలుము ఉంటే ఇయర్ బడ్‌కి ఒక చుక్క వెనిగర్ అద్ది తుడిచి, ఆరాక కొత్తది వేయండి.

ఇంకా పాతవి, అరవైలు, డెబ్బైల నాటి కొన్ని కెమెరాలకి 1.35 వోల్టుల పాదరసం సెల్లు కావాలి. వాటి తయారీ ఆగిపోయింది. మామూలు 1.5 వోల్టులది వేస్తే మీటరు తప్పు చూపిస్తుంది. దీనికి చవక ఉపాయం చెవి మిషన్‌లో వాడే 675 నంబరు సెల్లు. దాని వోల్టేజి దాదాపు సరిపోతుంది. కొంచెం సన్నగా ఉంటుంది కాబట్టి చుట్టూ చిన్న రబ్బరు రింగు పెట్టాలి. స్టిక్కరు పీకాక రెండు మూడు నెలలే పని చేస్తుంది, అయినా చవకే.

తర్వాత వెనక తలుపు. దాని అంచుల్లో వెలుతురు రాకుండా నల్ల స్పాంజి అంటించి ఉంటుంది. ముప్పై నలభై ఏళ్లకి అది జిగురుగా కరిగిపోతుంది. వేలితో తాకితే నల్లగా అంటుకుంటుందంటే ఇక పనికిరానట్టే. ఇయర్ బడ్‌కి స్పిరిట్ అద్ది మెల్లగా తుడిచేసి, ఫ్యాన్సీ షాపులో దొరికే నల్ల ఊలు దారాన్ని ఆ గాడిలో పరిచి నొక్కండి. పది ఇరవై రూపాయల పని, మొత్తం రీలుని కాపాడుతుంది. లోపల ఉండే అద్దం, దాని పైనున్న గరుకు గాజు మాత్రం ముట్టుకోవద్దు. అక్కడ స్పిరిట్ తగిలితే మరకలు పడి పోవు. దుమ్ముంటే గాలి ఊదే రబ్బరు బుడ్డి, అంటే బ్లోయర్, వాడండి. నోటితో ఊదితే ఉమ్మి తుంపరలు పడతాయి.

మీటరు అసలు పని చెయ్యకపోతే? ఫోనులో ఉచితంగా దొరికే లైట్ మీటర్ యాప్ చాలు. అదీ వద్దనుకుంటే పాత స్టూడియోల వాళ్లు ఎరిగిన లెక్క ఒకటుంది. మండుటెండలో లెన్సు నంబరు 16 దగ్గర పెట్టి, స్పీడు రీలు ఐఎస్‌ఓ అంకెకి దగ్గరగా పెట్టాలి. 200 రీలు అయితే 250 స్పీడు. గోదావరి ఇసుక తిన్నెల మీద వెలుతురు ఎగదన్నుతుంది కాబట్టి 22. పల్చటి మబ్బుకి 11, మబ్బు పడితే 8, వాన మబ్బుకి 5.6, ఎండ రోజు అరుగు మీద నీడలో 4. ఈ ఐదారు అంకెలు చీటీ మీద రాసి కెమెరా వెనక అంటించుకోండి. పైసా ఖర్చు లేని వస్తువు ఇదే.

చెయ్యి కదలకుండా

వెలుతురు తక్కువ ఉన్నచోట స్పీడు 60 కంటే తగ్గితే చెయ్యి వణుకు ఫొటోలో తెలిసిపోతుంది. రాజమండ్రి పాత మసీదులో 1324 నాటి ఫార్సీ శాసనం ఉంది. అలాంటి రాతి అక్షరాలు తీయాలంటే కెమెరా అసలు కదలకూడదు. మంచి ట్రైపాడ్ ఖరీదు. చవక ట్రైపాడ్ ఇనుప కెమెరా బరువుకి ఊగుతుంది. దానికంటే గుడ్డ సంచిలో కిలో పెసలు పోసి కుట్టి, గట్టు మీదో బల్ల మీదో పెట్టి, దాని మీద కెమెరాని కూర్చోబెట్టండి. వేలితో నొక్కకుండా సెల్ఫ్ టైమర్ పెడితే అదే పదో సెకనుకి తీసుకుంటుంది. బటన్ మధ్యలో మరలున్న కెమెరా అయితే కేబుల్ రిలీజ్ అనే తీగ చవకలోనే వస్తుంది. మసీదు లోపల తీసేటప్పుడు కమిటీ పెద్దల అనుమతి, నమాజు వేళలు చూసుకోవడం ఎలాగూ తప్పదు.

నిఖాలో ఫ్లాష్ వాడితే ఒక్క మాట గుర్తుంచుకోండి. స్పీడు చక్రం మీద ఎక్స్ గుర్తో, మెరుపు గుర్తో, వేరే రంగులో రాసిన అంకో ఉంటుంది. పాతవాటిలో చాలావరకు 60 దగ్గర. అంతకంటే ఎక్కువ పెడితే ఫొటోలో సగం నల్లగా వస్తుంది, దూల్హా ఉంటాడు, పక్కనున్న ఖాజీ గారు ఉండరు.

రీలు దాచడం, ఉమ్రాకి తీసుకెళ్లడం

కొన్న రీలుని గాలి దూరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచొచ్చు. తీసిన వెంటనే మూత తెరవకండి. మన గాలిలోని తేమ చల్లటి రీలు మీద నీటి చుక్కలై కూర్చుంటుంది. గంటా రెండు గంటలు బయట ఉంచి అప్పుడు తెరవండి. తీయడం పూర్తయిన రీలుని నెలల తరబడి ఉంచకుండా కడిగించండి. ఎండలో నిలబెట్టిన కారులో అసలు వదలొద్దు.

ఉమ్రాకో గల్ఫ్‌కో విమానంలో వెళ్లేవాళ్లు కడగని రీళ్లని లగేజీలో వేయకండి. అక్కడి స్కానర్ల ఎక్స్‌రే బలంగా ఉంటుంది, రీలు మసకబారుతుంది. చేతి సంచిలో, చూడగానే కనిపించే పల్చటి కవరులో పెట్టుకుని, స్కానర్‌లో వేయకుండా చేత్తో చూడమని మర్యాదగా అడగండి. కొత్త సీటీ స్కానర్లున్న విమానాశ్రయాల్లో ఇది మరీ ముఖ్యం. కడిగేసిన నెగెటివ్‌లకి ఎక్స్‌రేతో ఏ ఇబ్బందీ లేదు.

ల్యాబ్‌కి పంపే ముందు ఇంట్లో మాట్లాడుకోవాల్సింది

రీలు కడిగే స్టూడియోలు మన ఊళ్లలో దాదాపు లేవు. కొరియర్‌లో హైదరాబాదో, చెన్నయో, బెంగళూరో పంపాలి. అక్కడ కడిగి, స్కాన్ చేసి, ఇంటర్నెట్ లింకు పంపుతారు. అంటే ఇంట్లో ఆడవాళ్ల ఫొటోలు ముక్కూముఖం తెలియనివాళ్ల కంప్యూటర్‌లోకి వెళ్తాయి. పాతరోజుల్లో వీధి చివరి స్టూడియో ఆయన తెలిసినవాడు, ఆ నమ్మకం మీద రీలు చేతికిచ్చేవాళ్లు. ఇప్పుడు ఆ భరోసా లేదు. తర్వాత బాధపడేకంటే ముందే మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: స్కాన్లు ఎన్నాళ్లు ఉంచుతారు, ఎప్పుడు తీసేస్తారు, అడగకుండా ఎక్కడైనా పెడతారా. నాలుగో మాట, నెగెటివ్‌లు తిరిగి పంపాలి. అడగకపోతే కొన్నిచోట్ల పారేస్తారు. ఫొటోలో ఉన్నవాళ్ల అనుమతి ఎలాగూ ముందే తీసుకోవాలి.

బయటివాళ్ల కంట పడకూడదనుకునే కుటుంబాలకి ఒక దారి ఉంది. బ్లాక్ అండ్ వైట్ రీలు ఇంట్లోనే కడుక్కోవచ్చు. కావలసినవి మూత ఉన్న ప్లాస్టిక్ ట్యాంకు, చేతులు దూర్చి చీకట్లో రీలు ఎక్కించే నల్ల సంచి, థర్మామీటరు, కొలత గ్లాసు, డెవలపర్, హైపో. ట్యాంకు, సంచి ఒక్కసారి కొంటే ఏళ్ల తరబడి వస్తాయి. నలుగురు స్నేహితులు కలిసి కొంటే ఇంకా తేలిక. చీకటి గది అక్కర్లేదు, రీలు ట్యాంకులోకి వెళ్లాక మిగతా పనంతా వెలుతురులోనే.

ఇక్కడ కూడా గోదావరి జిల్లాల ఇబ్బంది ఒకటుంది. డెవలపర్‌కి సాధారణంగా 20 డిగ్రీలు కావాలి. మే నెలలో కుళాయి నీళ్లే 30 దాటి ఉంటాయి. మందు సీసాని ఐసు ముక్కలు వేసిన టబ్బులో నిలబెట్టి చల్లబరచండి, మందులో ఐసు వేయొద్దు. సముద్రం వైపు ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పన, ఆరాక నెగెటివ్ మీద తెల్లటి మచ్చలు మిగులుతాయి. అందుకే ఆఖరి కడుగు ఫిల్టరు నీళ్లతో చేసి, దుమ్ములేని బాత్రూమ్‌లో బట్టల క్లిప్పుతో వేలాడదీయండి. వాడిన గిన్నెలు మళ్లీ వంటకి వాడకూడదు. వాడిన హైపోలో వెండి ఉంటుంది, దాన్ని చేపల చెరువులకి పోయే కాలవలో పారబోయకండి. ఎక్స్‌రే సెంటర్ల దగ్గర వెండి కోసం దాన్ని కొనేవాళ్లకి ఇచ్చేయొచ్చు.

కలర్ రీలు మాత్రం 38 డిగ్రీల దగ్గర, సెకన్ల లెక్కతో కడగాలి. మొదట్లో దాన్ని ల్యాబ్‌కి వదిలేయడమే మేలు.

పాత నెగెటివ్‌లు: అసలు ఆస్తి ఇదే

కొత్త రీలు కొనకపోయినా ఫర్వాలేదు, ట్రంకు పెట్టెలోని పాత నెగెటివ్‌లని మాత్రం ఇవాళే తీసి చూడండి. 1986 ఆగస్టు వరదలో, 1996 నవంబరు తుపానులో కోనసీమలో ఎన్నో ఇళ్లలో ఆల్బమ్‌లు నీళ్లపాలయ్యాయి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాలు మళ్లీ మునిగాయి. ప్రింటు పోయినా నెగెటివ్ ఉంటే మళ్లీ వేయించుకోవచ్చు. నెగెటివ్ కూడా పోతే ఆ ముఖం ఇక లేనట్టే.

నెగెటివ్‌లు తడిస్తే కంగారుగా ఎండలో వేయకండి. ఒకదానికొకటి అంటుకుని ఆరితే ఊడవు. శుభ్రమైన చల్లటి నీళ్లలో ఉంచి, నీళ్లలోనే మెల్లగా విడదీసి, అంచులు మాత్రమే పట్టుకుని, నీడలో వేలాడదీయాలి. రెండు రోజుల్లోపు ఈ పని అయిపోవాలి.

పొడిగా ఉన్నవాటిని వాసనొచ్చే మెత్తటి పీవీసీ కవర్ల నుంచి తీసి, నెగెటివ్‌ల కోసమే చేసిన పాలీప్రొపిలిన్ కవర్లలో వేయండి. వాటిని కూడా సిలికా జెల్ డబ్బాలోనే పెట్టి, ఇంట్లో అన్నిటికంటే ఎత్తైన అరలో ఉంచండి.

ఫోనుతో కాపీ తీయడానికి మిషన్ అక్కర్లేదు. పిల్లలు బొమ్మలు దిద్దుకునే ఎల్‌ఈడీ పలక ఒకటి చాలు. అదీ లేకపోతే ట్యాబ్‌లో తెల్ల తెర పెట్టండి. తెర మీద నేరుగా పెడితే చుక్కలు కనిపిస్తాయి, రెండు సెంటీమీటర్లు పైకెత్తాలి. నల్ల అట్టలో నెగెటివ్ సైజు కిటికీ కోసి, దాని వెనక నెగెటివ్ పెట్టి, గదిలో లైటు ఆర్పి ఫొటో తీయండి. రంగులు తిరగేసే పని యాప్ చేస్తుంది. మొత్తం ఇంట్లోనే, బయటి కన్ను పడకుండా.

ఏది ముందు?

చేతిలో వంద రూపాయలే ఉంటే: బటన్ సెల్లు, ఊలు దారం, అంకెల చీటీ.

ఐదు వందలుంటే: వాటితోపాటు సిలికా జెల్, గట్టి మూత డబ్బా, బ్లోయర్.

వెయ్యి దాకా ఉంటే: తేమ మీటరు, నెగెటివ్ కవర్లు, కేబుల్ రిలీజ్.

ఒకటి రెండు రీళ్లు సరిగ్గా వచ్చాక: నల్ల సంచి, ట్యాంకు. మొదటి రీలు మాత్రం పెళ్లికి వాడకండి. పుష్కర్ ఘాట్‌లోనో ఇంటి అరుగు మీదో తీసి, కెమెరా ఎలా ఉందో చూసుకున్నాకే ముఖ్యమైన రోజుకి తీసుకెళ్లండి.

ఇంకొక్క వస్తువు మిగిలింది, ఐదు రూపాయల పెన్సిల్. పాత ఫొటోల్లో ఎవరెవరున్నారో చెప్పగలిగే పెద్దలు ప్రతి ఇంట్లో ఒకరో ఇద్దరో మిగిలారు. ఈ జుమా తర్వాత నానీ పక్కన కూర్చుని, ఒక్కో ఫొటో చూపించి, పేరు, ఊరు, సంవత్సరం అడిగి కవరు మీద రాయండి. ఫొటో తీసినవాళ్లు ఎవరో కూడా అడగండి. బీరువాలో ఉన్న కెమెరా ఎవరిదో అప్పుడు తెలుస్తుంది.